రెండు బైట్ల తాళం

డబ్బాల ఫ్యాక్టరీలో ‘కుక్కర్’ అని అందరూ పిలిచేది నిజానికి ఒక ఇనుప గది. మనిషి తల వంచకుండా లోపలికి నడిచి వెళ్లగలిగేంత ఎత్తు. బఠానీలు గానీ పండ్ల ముక్కలు గానీ నింపి మూతలు బిగించిన డబ్బాలను ట్రాలీల్లో పేర్చి లోపలికి తోస్తారు. గుండ్రటి తలుపు మూసి, చక్రం తిప్పి బిగించి, ఆవిరి వదులుతారు. ఉడకడం అయ్యాక ఆవిరి ఆపేస్తే, లోపలి ఒత్తిడి దిగడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ తలుపుకి తాళం పడి ఉంటుంది. ఆ తాళం మనిషి చేతిలో ఉండదు. గోడకి బిగించిన పెట్టెలో ఒక చిప్పు ఉంది, వేసేదీ తీసేదీ అదే. తీసినప్పుడు పెట్టె మీద పచ్చలైటు వెలుగుతుంది.

ఆ కుక్కర్ దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఆపరేటరు ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి తలుపు తెరిచాడు. లోపల ఆవిరి అలాగే ఉంది.

అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లిన వాళ్లలో ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ ఒకడు. పెద్ద వయసువాడు, బక్కపల్చటి మనిషి. ఏ మెషీను ఆగినా ముందు ఫ్యూజు చూడమంటాడని అందరూ అతన్ని ఫ్యూజు అనే పిలుస్తారు. ఆపరేటరు అక్కకి కబురు చేసింది అతనే. ఆమె ఒక టైపింగ్, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో టీచరు. క్లాసు మధ్యలో ఫోను తీసి, విని, పిల్లలకి ఏ పేజీ టైపు చేయాలో చెప్పి మరీ బయటికి వచ్చింది. ఎందుకలా చేసిందో తర్వాత ఆమెకే అర్థం కాలేదు.

తమ్ముడు దోమతెరలాంటి తెర కింద పడుకుని ఉన్నాడు. రెండు చేతులకీ, ఛాతీకీ, మొహంలో ఒక పక్కకీ కట్లు. స్పృహలోనే ఉన్నాడు. మొదటి రోజే చెప్పాడు, తాళం తను తీయలేదని, పచ్చలైటు వెలిగాకే చక్రం తిప్పానని. ఆ రోజు రెండో షిఫ్టువాడు రాకపోతే తనే ఉండిపోయాడట. ఆవిరి ఆపి, ఖాళీ ట్రాలీ పక్కకి లాగి, వెనక్కి తిరిగేసరికి పచ్చలైటు ఉందట. పది నిమిషాలు గడిచాయో లేదో చూసుకోలేదు. ప్రెషర్ ముల్లు కూడా చూడలేదు. పదకొండేళ్లలో ఆ లైటు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

మూడో రోజు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చి మెషీను పరీక్షించాడు. పొద్దున్నే కరెంటు ఇచ్చి, ఆవిరి వదిలి, ఆపి, చేతిగడియారం పట్టుకుని నిలబడ్డాడు. సరిగ్గా పది నిమిషాలకి పచ్చలైటు వచ్చింది. ఆరుసార్లు చూస్తే ఆరుసార్లూ అంతే. తాళం పక్కన ఇనుము మీద పాత గీతలు కనిపించాయి. పని తొందరలో ఆపరేటర్లు ఇనుప కడ్డీతో తాళాన్ని లేపుతుంటారని ఎవరో ఆయన చెవిన వేశారు. ఫ్యాక్టరీలో నలుగురూ నాలుగు రకాలుగా అనుకుని, చివరికి అందరూ ఒకచోటికే వచ్చారు. అలసిపోయి ఉంటాడు, తొందరపడి ఉంటాడు, పాపం.

అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ దగ్గర పనిచేసే అతని భార్య కూడా అలాగే అనుకుంది. పైకి అనలేదు. మంచం పక్కన కూర్చుని చెంచాతో నీళ్లు పోస్తూ, పెదవులు బిగపట్టి ఉండేది. వాళ్లమ్మ ఒక్కతే వేరేగా మాట్లాడింది.

“చిన్నప్పుడు అబద్ధం చెప్తే వాడికి చెవులు ఎర్రబడేవి. ఇప్పుడు చెవులకి కట్లున్నాయి. అయినా నాకు తెలుసు, వాడు తీయలేదు.”

తల్లి మనసు కాబట్టి అలా అంటోందని అందరూ ఊరుకున్నారు.

అయిదో రోజు తమ్ముడు అక్కని దగ్గరికి రమ్మన్నాడు. గొంతు బాగా బొంగురుపోయింది. ఆ పెట్టెలో ఉన్నదీ కంప్యూటర్ ప్రోగ్రామేనని ఫ్యూజు ఎప్పుడో చెప్పాడట. నువ్వు కంప్యూటర్ చదివావు కదా, ఆ ప్రోగ్రాం ఒక్కసారి చూడు అన్నాడు. లైటు ఎందుకు వెలిగిందో నువ్వైతే చెప్పగలవు అన్నాడు.

ఆమె చదివింది డిప్లొమా. అప్పట్లో సీ భాష నేర్చుకుంది, మంచి మార్కులు కూడా వచ్చాయి. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లుగా టైపింగూ, ఉత్తరాలు రాయడమూ, పట్టికలు గీయడమూ నేర్పుతోందే తప్ప ఒక్క ప్రోగ్రామూ రాయలేదు. ఆ మాట తమ్ముడితో అనలేదు. చూస్తానంది.

మెషీను కొన్నప్పుడు దాంతో వచ్చిన పుస్తకం ఫ్యూజు దగ్గరుంది. తయారుచేసినవాళ్లు చిన్న కంపెనీవాళ్లు, ఎప్పుడో మూసేశారు. పుస్తకం చివర ఏడు పేజీల్లో ప్రోగ్రాం మొత్తం అచ్చువేసి ఉంది. అది సీ భాషలోనే ఉంది. ఫ్యూజు ఆ పేజీల జెరాక్సు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. తెచ్చినట్టు ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెబితే తన ఫ్యూజు పీకేస్తారన్నాడు, నవ్వకుండానే.

ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. ఇన్‌స్టిట్యూట్‌లో కొత్తవి కొన్నప్పుడు తీసేసిన వాటిలో ఒకటి తెచ్చుకుని వెనక గదిలో బట్టల బీరువా పక్కన పెట్టుకుంది. అందులో సీ ప్రోగ్రాం నడపాలంటే ముందు దానికి తగిన సరంజామా ఎక్కించాలి. ఏది ఎక్కించాలో ఆమెకి తెలియదు. చదువుకునే రోజుల్లో కాలేజీలో ఒకటే ఉండేది, నీలం తెర మీద పసుపు అక్షరాలు కనబడేవి. ఇప్పుడు లోకంలో ఏం వాడుతున్నారో కనుక్కోవడానికి ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్లు బాగుచేసే షాపతని దగ్గరికి వెళ్లింది.

అతను మూడు దారులు చెప్పాడు. మొదటిది అన్నీ ఉన్న పెద్దది, ఆఫీసుల్లో వాడేది. మీ కంప్యూటర్‌కి దాన్ని ఎక్కించడమంటే ఏనుగుని సైకిల్ మీద కూర్చోబెట్టడమేనన్నాడు. రెండోది తేలికైనది, కొత్తది. రాసుకునే ఎడిటరూ, రాసినదాన్ని మెషీను భాషలోకి మార్చే కంపైలరూ ఒకేచోట ఉంటాయి. తప్పు ఎక్కడుందో వరుస నంబరుతో సహా చెబుతుంది. ఉచితం కూడా. మూడోది ఆమె చెప్పిన ఆ నీలం తెర.

“అదా? ఇప్పటి కంప్యూటర్లలో అది ఊరికే నడవదు టీచరమ్మా. పాత కంప్యూటర్‌లా నటించే ఇంకో ప్రోగ్రాం ఎక్కించి, అందులో దీన్ని నడపాలి. దాని ఆయుష్షు ఎప్పుడో తీరిపోయింది. మీకెందుకు ఆ తద్దినం?”

ఆమె రెండోదే తీసుకుంది. ఎవరైనా అదే తీసుకుంటారు. ఇంటికి వచ్చి ఎక్కించుకుంది, చకచకా ఎక్కింది. తెల్లటి తెర మీద అక్షరాలు రంగురంగులుగా విడివిడిగా కనిపించాయి. కుండలీకరణం ఒకటి మర్చిపోతే వెంటనే గుర్తుచేసింది. పద్దెనిమిదేళ్ల తర్వాత వేళ్లకి ఆ భాష తిరిగి వస్తుంటే, ఆ పరిస్థితిలోనూ కొంచెం సంతోషం కలిగింది. అది తప్పేమీ కాదనుకుంది.

రెండు పొద్దుల్లో ఏడు పేజీలూ టైపు చేసింది. అందులో చాలా భాగం వాల్వులకీ, గంటకీ సంబంధించింది. తాళానికి సంబంధించింది పన్నెండు వరుసలే. దాని పద్ధతి తేలికగానే అర్థమైంది. కరెంటు ఇచ్చిన క్షణం నుంచి పెట్టె సెకన్లు లెక్కపెడుతూ ఉంటుంది. ఆవిరి ఆపగానే, అప్పటికి ఎన్నో సెకనో చూసి, దానికి ఆరు వందలు కలిపి గుర్తుపెట్టుకుంటుంది. లెక్క ఆ సంఖ్యని దాటిందా, తాళం తీసి లైటు వెలిగిస్తుంది. ఆమె చిప్పు గడియారాన్ని చదివే చోట తను కొట్టిన సంఖ్యని తీసుకునేట్టు, లైటు వెలిగించే చోట ‘తాళం తీశాను’ అని తెర మీద రాసేట్టు మార్చింది.

తమ్ముడు ఆ రోజు మెషీనుకి కరెంటు ఇచ్చింది పొద్దున ఆరింటికి. ఆవిరి ఆపింది మూడింటికి. మధ్యలో ఆపలేదు. తొమ్మిది గంటలు, అంటే ముప్పై రెండు వేల నాలుగు వందల సెకన్లు. అదే కొట్టింది. ప్రోగ్రాం ఎదురుచూసింది. ముప్పై మూడు వేలు దాటాకే, ఆపైన మొదటి సెకనుకి, ‘తాళం తీశాను’ అంది.

అయిదు నిమిషాలు ముందుకి జరిపి చూసింది, వెనక్కి జరిపి చూసింది. పది నిమిషాలంటే పది నిమిషాలే. జెరాక్సు కాగితాలు పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూసుకుంది. ఎక్కడా తేడా లేదు.

మర్నాడు ఆస్పత్రిలో ఆమె తెర పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఒరేయ్, నువ్వు చెప్పిన టైముకే పెట్టి చూశాను. పది నిమిషాలైతే గానీ తాళం రావట్లేదు.”

“సరిగ్గా చూశావా అక్కా?”

“పదిసార్లు చూశానురా. ప్రోగ్రాంలో తప్పు లేదు.”

నర్సు వచ్చి సీసా మార్చి వెళ్లింది. తర్వాత అతను ఎవరికో నచ్చజెప్తున్నట్టు నెమ్మదిగా అన్నాడు.

“అయితే నేనే తీశానేమో. రెండు షిఫ్టులు కదా. బుర్ర పనిచేసి ఉండదు. తీసిందే గుర్తులేదేమో.”

ఆమెకి ఆ క్షణంలో గుండెల మీద నుంచి ఏదో దిగినట్టు అనిపించింది. ఒక ప్రశ్న తెగిపోయింది, ఇక వాడు మనసు కుదుటపరుచుకుంటాడు అనుకుంది. తమ్ముడి తలగడ సర్ది, మంచిదిరా, ఇక దాని గురించి ఆలోచించకు అంది.

రెండు రోజుల తర్వాత ఫ్యాక్టరీ మేనేజరు కాగితాలు తెచ్చాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచి మాట్లాడే రకం కాదు. తాళం తనే లేపి తలుపు తెరిచానని, అది తన పొరపాటేనని తమ్ముడు ఒప్పుకున్నట్టు అందులో ఉంది. విచారణ త్వరగా ముగిస్తే అందరికీ నెమ్మది, అతని భార్య పని ఎక్కడికీ పోదు అన్నాడు. తమ్ముడు అక్క వైపు చూశాడు. ఆమె తల ఊపింది. కట్లలోంచి బయటికి ఉన్నది ఎడమ బొటనవేలు ఒక్కటే. దానికి సిరా రాసి వేలిముద్ర వేయించారు. సాక్షి కావాలంటే ఆమె సంతకం చేసింది.

ఆ తర్వాత అతను పచ్చలైటు ఊసు ఎత్తలేదు. అసలు పెద్దగా మాట్లాడనే లేదు. ఎవరైనా చూడ్డానికి వస్తే, నా తెలివితక్కువతనం అనేవాడు. పంతొమ్మిదో రోజున ఒంట్లో చీము విషమైందని డాక్టర్లు చెప్పారు. ఆ సాయంత్రమే పోయాడు.

రెండు నెలలు గడిచాయి. టీచరు మళ్లీ క్లాసులకి వెళ్తోంది. అమ్మ వంట చేయడం మానేసింది, తింటే తింటుంది, లేకపోతే లేదు. మరదలు పొద్దున ప్యాకింగ్‌కి వెళ్లి, సాయంత్రం వచ్చి, కాళ్లు కడుక్కుని పడుకుంటోంది. మొగుడు పోయినందుకు ఏడ్చిందానికంటే, తన మాట వినకుండా రెండో షిఫ్టుకి ఉండిపోయి, తొందరపడి చేతులారా చేసుకున్నాడని మండిపడిందే ఎక్కువ.

ఆ రోజుల్లోనే, తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి ఒకాయన టీచరు ఇంటికి చదువు చెప్పించుకోవడానికి రావడం మొదలుపెట్టాడు. యాభై దాటినాయన. ప్రమోషన్ పరీక్షలో సీ భాష ఒక పేపరట. ఈ వయసులో నాకు సీ ఏంటి మేడమ్, ఏ, బీలే సరిగ్గా రాలేదు అని ఆయనే నవ్వాడు. పరీక్ష హాల్లో ఇప్పటికీ ఆ పాత నీలం తెరే ఉందని, దాని మీదే నేర్పమని బతిమాలాడు. షాపతను గొణుగుతూనే దాన్నీ, దాన్ని నడిపే ఇంకో ప్రోగ్రామునీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లు సంఖ్యల పాఠం చదువుతున్నారు. ఆయన తన గైడులోంచి పైకి చదువుతున్నాడు, చిన్నపిల్లవాడు ఎక్కం అప్పజెప్పినట్టు.

“ఇంట్ అనగా పూర్ణసంఖ్య. దీని పరిమాణం రెండు బైట్లు. ఇందులో పట్టు గరిష్ఠ సంఖ్య ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఏడు. అది మించినచో...”

ఆయన పేజీ తిప్పుతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఆ వాక్యం మళ్లీ చదవమంది. ఆయన చదివాడు. మించినచో సంఖ్య తిరిగి అడుగునకు, అనగా రుణసంఖ్యలోనికి పోవును.

ఆ వాక్యం ఆమెకి కొత్త కాదు. ఇరవై ఏళ్ల కింద తనూ ఇలాగే అప్పజెప్పింది, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంది. ముప్పై రెండు వేల నాలుగు వందలకి ఆరు వందలు కలిపితే ముప్పై మూడు వేలు. అది ఆ గీత దాటిపోతుంది. కొత్త కంపైలరులో పూర్ణసంఖ్యకి నాలుగు బైట్లుంటాయి, వందల కోట్లు పడతాయి, అక్కడ ఏదీ దాటదు. అందుకే అక్కడ తప్పు కనబడలేదు.

తలనొప్పిగా ఉందని చెప్పి తపాలా ఆయన్ని పంపించేసింది. తమ్ముడి ప్రోగ్రాముని నీలం తెరలోకి తెచ్చుకుంది. మొదట అది ఒప్పుకోలేదు. కొత్తదాంట్లో అలవాటై, తను మార్చిన చోట్ల ఆమె ఎక్కడపడితే అక్కడ సంఖ్యలకి పెట్టిన పేర్లన్నీ ప్రోగ్రాం మొదట్లోకి తీసుకురమ్మంది. తెచ్చింది. నడిపింది. ముప్పై రెండు వేల నాలుగు వందలు కొట్టింది.

‘తాళం తీశాను’ అని అదే సెకనులో వచ్చింది.

కలిపిన సంఖ్య ఎంతైందో చూపించమని ఒక వరుస చేర్చి మళ్లీ నడిపింది. ముప్పై రెండు వేల అయిదు వందల ముప్పై ఆరు, ముందు మైనస్. లెక్క ఎప్పుడో దాన్ని దాటేసి ఉందనుకుంది ప్రోగ్రాం. తొమ్మిది గంటలకి నాలుగు నిమిషాలు ముందు నుంచి ఆరు నిమిషాలు తర్వాత దాకా, ఆ పది నిమిషాల్లో ఎప్పుడు ఆవిరి ఆపినా అంతే. రోజూ రెండింటికి షిఫ్టు మారేటప్పుడు కడగడానికి మెషీను ఆపేస్తారు. లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అందుకే పదకొండేళ్లలో ఎప్పుడూ బయటపడలేదు. తమ్ముడు ఉండిపోయిన ఆ ఒక్క రోజే షిఫ్టు మారలేదు, మెషీను ఆగలేదు.

అమ్మ గుమ్మంలోకి వచ్చి, ఎందుకే అలా ఉన్నావు అని అడిగింది. ఏం లేదంది. అప్పటికి అమ్మకి చెప్పడానికి మొహం చెల్లలేదు.

మర్నాడు పొద్దున్నే ఫ్యూజు ఇంటికి వెళ్లింది. అతను పళ్లు తోముకుంటున్నవాడల్లా విని, అలాగే అరుగు మీద కూర్చుండిపోయాడు. పెట్టెలో ఉన్న చిప్పు ఎన్ని బైట్లదో పుస్తకంలో చూశాడు. నీలం తెర లెక్కే దానిదీ, రెండు బైట్లే. నోరు కడుక్కుని వచ్చి చొక్కా వేసుకున్నాడు. ఇద్దరూ ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి వెళ్లారు.

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. రెండు కంపైలర్లలోనూ నడిపి చూపిస్తే ఓపిగ్గా చూశాడు. ఒకదాంట్లో సరిగ్గా ఉంది, ఇంకోదాంట్లో తప్పుగా ఉంది, నేను దేన్ని నమ్మాలి అని అడిగాడు. మెషీనునే నమ్మండి, తొమ్మిది గంటలు ఆపకుండా ఉంచి చూడండి అంది ఆమె. ఆయన కాసేపు బల్ల మీద పెన్నుతో కొట్టి, సరే అన్నాడు.

ఫ్యాక్టరీ సెలవు రోజున పొద్దున ఆరింటికి ఫ్యూజు పెట్టెకి కరెంటు ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరూ, మేనేజరూ, టీచరూ కుర్చీలు వేసుకుని దూరంగా కూర్చున్నారు. నీళ్లు నింపిన డబ్బాలతో ఎనిమిదింటికి ఒకసారి, పదింటికి ఒకసారి, పన్నెండింటికి ఒకసారి ఆవిరి వదిలి ఆపారు. మూడుసార్లూ లైటు పది నిమిషాలకే వచ్చింది. మేనేజరు అందరికీ టీ తెప్పించాడు. మీ బాధ నాకు అర్థమవుతోందమ్మా అని ఆమెతో అన్నాడు. ఆయన నిజంగానే అన్నాడు, ఎగతాళికి కాదు.

మూడింటికి ఫ్యూజు ఆవిరి వాల్వు కట్టేసి రెండడుగులు వెనక్కి వేశాడు. మూడో అడుగు వేయకముందే పచ్చలైటు వెలిగింది. లోపల తాళం పట్టు వదిలిన చప్పుడు టక్కుమని వినిపించింది. ప్రెషర్ ముల్లు పైనే ఉంది, అంగుళం కూడా కదల్లేదు.

ఫ్యూజు గోడ వైపు తిరిగి మొహం తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టరు టైము రాసుకున్నాడు. మేనేజరు లేచి నిలబడి, ఆ పెట్టె ఆపేయండి అన్నాడు. అప్పటికి ఆయన చేతిలో టీ చల్లారిపోయింది.

వారం తిరక్కముందే కొత్త పెట్టె వచ్చింది. ఇన్‌స్పెక్టరు రాసిన రిపోర్టు ఆమె చూసింది. పాత నియంత్రణ పెట్టెలో లోపం ఉన్నది, ఆధునికీకరించడమైనది అని ఉంది. తమ్ముడి గురించిన పాత రిపోర్టు మాత్రం అలాగే ఉంది. ఆమె అడిగితే ఇన్‌స్పెక్టరు ఫైలు తీసి చూపించాడు. ప్రెషర్ ముల్లు చూడకుండా తలుపు తీయడం తప్పే కదా అన్నాడు. అది నిజమే. అదీగాక మీ తమ్ముడే తాళం తీశానని ఒప్పుకున్నారు కదా అన్నాడు. వేలిముద్ర కింద ఉన్న సంతకం మీద వేలు పెట్టి, ఇది మీదే కదా అన్నాడు. ఆమె అవునంది.

“నేను రాయగలిగింది రాశాను. చనిపోయిన మనిషి చెప్పిన మాటని నేను మార్చలేను.”

ఆ సాయంత్రం అమ్మకీ, మరదలికీ కలిపే చెప్పింది. ఏ కంపైలరు ఎంచుకుందో, ఎందుకు ఎంచుకుందో, తమ్ముడితో ఏమందో, ఏదీ దాచలేదు. అమ్మ అంతా విని, అవన్నీ నాకెందుకు చెప్తావే, వాడు తీయలేదని నాకు మొదటి రోజే తెలుసు అంది. అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత చాలా రోజులు కూతురితో కావలసినంత వరకే మాట్లాడింది. తిట్టలేదు. తిడితే బాగుండేదని టీచరుకి అనిపించేది.

మరదలు అక్కడే కూర్చుని ఉంది. చేతుల్లో ఫ్యాక్టరీ ఏప్రాను, మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతోంది.

“వదినా, ఆయన మీద కోపంతోనే ఇన్నాళ్లూ లేచి తిరిగాను. మాట వినని మనిషి, చేతులారా చేసుకున్నాడు అనుకుంటూ పనికి పోయేదాన్ని. ఆఖరి రోజున కూడా సరిగ్గా మాట్లాడలేదు ఆయనతో. ఇప్పుడు దేన్ని పట్టుకుని లేవను?”

టీచరు దగ్గరికి జరిగి భుజం మీద చెయ్యి వేయబోతే మరదలు పక్కకి జరిగింది. కాసేపటికి ఆమే ఏప్రాను పక్కన పెట్టి, మీరు ఏమైనా తిన్నారా అని అడిగి లేచి వంటగదిలోకి వెళ్లింది. లోపల గిన్నెల చప్పుడు చాలాసేపు వినిపించింది. ఏమీ వండినట్టు లేదు.

పాత పెట్టెని ఫ్యూజు చెత్తలో పడేయకుండా ఇంటికి తెచ్చుకున్నాడు. వెనక రేకు మీద పద్నాలుగు అని నంబరు కొట్టి ఉంది. అంటే ఇలాంటివి ఇంకా కనీసం పదమూడు ఎక్కడో ఉన్నాయి. తయారుచేసినవాళ్లు లేరు, ఎవరికి అమ్మారో చెప్పేవాళ్లూ లేరు. టీచరు డైరెక్టరీ పట్టుకుని కూర్చుంది. డబ్బాల ఫ్యాక్టరీలు, ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట్లు, ఆవిరితో పనిచేసే ప్రతిచోటికీ ఉత్తరం రాసింది. పెట్టె ఎలా ఉంటుందో, తప్పు ఎక్కడుందో, తొమ్మిది గంటల దగ్గర ఏం జరుగుతుందో ఒక పేజీలో పెట్టింది. కింద ఇంటి ఫోను నంబరు ఇచ్చింది. టైపింగ్ నేర్పే మనిషి కాబట్టి నలభై ఒక్క ఉత్తరాల్లో ఒక్క అక్షరమూ తప్పు పోలేదు.

ఒకచోటి నుంచి జవాబు వచ్చింది, మీ ఉత్తరం అందినది, పరిశీలనలో ఉన్నది అని. మిగతావాళ్లు ఏమీ రాయలేదు. తపాలా ఆయన పరీక్ష తప్పాడు, మళ్లీ కట్టాడు. ఆమె ఆయనకి పాఠం చెబుతూనే ఉంది. సంఖ్యల పాఠం వచ్చినప్పుడు మాత్రం ఆయనే గైడు తీసుకుని లోపల్లోపల చదువుకునేవాడు.

ఒక పొద్దున ఇన్‌స్టిట్యూట్‌కి బయల్దేరుతుంటే ఫోను మోగింది. అవతల ఒక పెద్దాయన గొంతు. దూరంగా ఉన్న ఒక ఉతికే ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌నని చెప్పాడు. మీరు రాసినలాంటి పెట్టే మా దగ్గర ఉంది, నంబరు తొమ్మిది అన్నాడు. చెప్పులు వేసుకోబోతున్నదల్లా ఆమె గోడకి ఆనుకుంది. రోజూ ఎన్నింటికి కరెంటు ఇస్తారు, ఎన్నింటికి ఆపుతారు అని అడిగింది.

“మేం ఆపం అమ్మా. పండక్కీ ఆపం.”

ఆపకపోతే లెక్క పద్దెనిమిది గంటలకొకసారి చుట్టు తిరిగి వస్తుంది. చుట్టుకొకసారి ఆ పది నిమిషాలూ వస్తాయి. ఆమె అదంతా నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఆ పెట్టెని ఇప్పుడే ఆపించండి, నాతో తర్వాత మాట్లాడొచ్చు అంది. ఆయన ఎవరినో కేకేసి ఏదో చెప్పాడు. మళ్లీ ఫోను దగ్గరికి వచ్చాడు.

“మా దగ్గర ఒకతన్ని పనిలోంచి తీసేశామమ్మా, నాలుగేళ్లయింది. తాళం కడ్డీతో లేపాడని. చెయ్యి పోయింది అతనికి. తాళం తను తీయలేదని నా కాళ్ల మీద పడ్డాడు. తీసేయమని కాగితం మీద సంతకం పెట్టింది నేనే.”

అతను ఇప్పుడెక్కడున్నాడని ఆమె అడిగింది. ఆ ఊళ్లోనే ఎక్కడో కాపలా పని చేసుకుంటున్నాడట. ఆయనకి ఇల్లు తెలుసు, ఇన్నేళ్లలో ఆ సందులోంచి నడవలేదట.

ఆమె చెప్పులు వదిలేసి లోపలికి వెళ్లి కాగితమూ పెన్నూ తెచ్చుకుంది. అడ్రసు చెప్పమంది. ఆయన చెబుతుంటే రాసుకుంది. ఇంటి నంబరు దగ్గర ఆయన అంకెలు తారుమారు చేశాడు. ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పమంది.